చేతులు కట్టుకునే పరీక్ష

పెద్దాయన పోయి అయిదు నెలలు దాటినా, చిన్నాయన ఇంకా చిన్నాయనగానే మిగిలిపోయాడు. కంప్యూటర్ల రిపేరు షాపుకు వచ్చేవాళ్ళు అన్నదమ్ములను విడదీసి పిలవడానికి పెట్టుకున్న పేర్లవి. పక్కన పెద్ద లేనప్పుడు చిన్న అనడమెందుకని వాళ్ళెవరికీ తోచలేదు. నలభై రెండేళ్ళొచ్చి, చెవుల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్న చిన్నాయనకూ తోచలేదు.

షాపంటే మేడ మీద రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన వదిన కుట్టుమిషను, వెనక గదిలో అన్నదమ్ముల బల్ల. ఎవరైనా మెట్లెక్కి వచ్చి "మా మిషను అయిందా?" అని అడిగితే, ఏ గదిలోంచి జవాబు చెప్పాలో తెలిసేది కాదు. బల్ల మీద మరలు పారిపోకుండా వేసుకునే, వారానికి ఏడు గదులున్న మాత్రల డబ్బా, దుమ్ము ఊదే బ్లోయరు, మూత లేని ఒక కంప్యూటరు ఉంటాయి. ఆ మూత లేనిది ఎవరిదీ కాదు. కొత్తగా ఏది వచ్చినా ముందు దాని మీద పెట్టి చూస్తారు. వదిన దాన్ని 'పొట్ట విప్పుకున్నది' అంటుంది.

పెద్దాయన చేతిలో మంచి విద్య ఉండేది. ఆఫీసులు పనికిరావని పారేసిన కంప్యూటర్లను తెచ్చి బాగుచేసి, అవి మోయగలిగినంత తేలికైన లినక్స్‌ను, అంటే కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరును, తనే కూర్చి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాడు. పెన్‌డ్రైవ్ గుచ్చితే కంప్యూటరు నడుస్తుంది. లోపలి డిస్కును ముట్టుకోదు. పీకేస్తే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. దాన్ని లైవ్ అంటారు. "అద్దెకి దిగినట్టు. గోడకి ఒక్క మేకు కూడా కొట్టం," అని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. నచ్చింది, ఇక ఇదే ఉండిపోనీ అన్నవాళ్ళకు మాత్రం డిస్కులోకి ఎక్కించాలి. అది సొంత ఇంటి వ్యవహారం. పాతది కూల్చాలి, కొత్తది కట్టాలి. ఆ పనిని ఆయన నల్ల తెర మీద వరసగా కమాండ్లు కొట్టి, కాగితం ముక్కయినా చూడకుండా కానిచ్చేవాడు.

"బొమ్మలు చూపించి బటన్లు నొక్కించే ఇన్‌స్టాలర్లు బోలెడున్నాయి కదన్నా, ఒకటి పెట్టకూడదూ?" అని చిన్నాయన అప్పుడప్పుడు అడిగేవాడు.

"చేతికి పని తెలిసినవాడికి బొమ్మలెందుకురా?" అనేవాడు పెద్దాయన.

ఆ చెయ్యి లేకపోతే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. చిన్నాయనది ఇనుము పని. ఫ్యాన్లు మార్చమంటే మారుస్తాడు, తెగిన తీగను టంకం పెట్టి అతికిస్తాడు. నల్ల తెర ముందు కూర్చుంటే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే గ్రంథాలయానికి ఇవ్వాల్సిన పదహారు కంప్యూటర్లలో తొమ్మిది పోగా, ఏడు వెనక గదిలో గోడ వారన అలాగే ఉండిపోయాయి. దుమ్ము పడకుండా వదిన వాటి మీద ఒక పాత దుప్పటి కత్తిరించి కప్పింది.

గ్రంథాలయం మేడమ్ మంచిది. అయిదు నెలలు ఒక్క ఫోను కూడా చెయ్యలేదు. పోయినవారం తనే మెట్లెక్కి వచ్చి, వదిన దగ్గర కాసేపు కూర్చుని, తర్వాత మెల్లిగా అసలు మాటకొచ్చింది. "ఆ ఏడూ ఇచ్చెయ్యండి. వాటితో పాటు ఆ పెన్‌డ్రైవ్ కూడా ఒకటి ఇవ్వండి. ఎప్పుడైనా పాడైతే మావాళ్ళే మళ్ళీ ఎక్కించుకునేట్టు ఉండాలి. ప్రతిదానికీ పెద్దాయన్ని పిలవాలంటే..." అని నాలుక కరుచుకుంది. వదిన తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ, "నిజమే కదండీ," అంది.

అలా ఇన్‌స్టాలరు ఎంచుకోక తప్పని రోజు వచ్చింది. పెద్దాయన కూర్చిన లైవ్‌తో పొసిగేవి వెతగ్గా వెతగ్గా రెండు దొరికాయి. రెంటినీ పెన్‌డ్రైవ్‌లో పెట్టాడు చిన్నాయన. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చడానికి షాపులో ఒక పద్ధతి ఉంది. అది కూడా పెద్దాయన పెట్టిందే. పేరు చేతులు కట్టుకునే పరీక్ష.

ఏ ప్రోగ్రామునైనా జనం చేతిలో పెట్టేముందు, దాని ఊసే తెలియని మనిషిని ఒకరిని తెచ్చి దాని ముందు కూర్చోబెట్టాలి. తెలిసినవాళ్ళు వెనక కుర్చీల్లో చేతులు కట్టుకుని కూర్చోవాలి. పరీక్ష చేసేవాళ్ళు ఏమైనా మాట్లాడుకోవచ్చు, వెనకవాళ్ళు బదులు పలక్కూడదు. సైగ చెయ్యకూడదు, దగ్గకూడదు. ఒక్క మాట సాయం చేశారంటే ఆ ప్రోగ్రాము తప్పినట్టే, దాన్ని మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు. "రేపు వాళ్ళింట్లో వాళ్ళు నొక్కుతుంటే పక్కన నువ్వుంటావా?" అనేవాడు పెద్దాయన. ఒకసారి కొరియరు అతన్ని కూర్చోబెట్టి ప్రింట్లు తీసే ప్రోగ్రామును పరీక్షిస్తుంటే పెద్దాయన ముక్కు మీద ఈగ వాలింది. తోలలేదు. అది ముక్కు మీంచి నుదుటికి, నుదుటి మీంచి చెవికి తీరుబడిగా షికారు చేస్తుంటే, వదిన తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఆ పద్ధతిని చిన్నాయన పదహారేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. నోరు మూసుకోవడం అతనికి బాగా వచ్చిన విద్య.

ఎంత బాగా వచ్చో చెప్పుకోవాలి.

పెద్దాయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు. అందుకని ఒక్కో మిషను పని ముగించగానే బల్ల మీది చిన్న మైకు ముందుకు లాక్కుని, ఏం చేశాడో రెండు ముక్కలు చెప్పి రికార్డు చేసి పెట్టుకునేవాడు. అవన్నీ ఒక పెద్ద డిస్కులో ఉన్నాయి. మూడు వందల పన్నెండు ముక్కలు. ఆయన పోయిన పదిరోజులకు, కమాండ్ల సంగతి ఏమైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ చిన్నాయన అది పట్టుకున్నాడు. ఒక్కొక్కటే విన్నాడు. చిట్టచివరిది నలభై సెకన్లు.

"గ్రంథాలయం మిషన్లు, తొమ్మిదోది. ఫ్యాను మార్చాం, మెమరీ ఒక ముక్క వేశాం. ఎక్కించేశాను. పొద్దున్నుంచి ఛాతీలో పట్టేసినట్టుంది. తమ్ముడితో అన్నాను. ఈ పూట ఇంకో రెండు తేల్చేసి సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదాం అన్నాడు. సరే అన్నాను. తొమ్మిదోది అయింది."

సాయంత్రం రాలేదు. మూడున్నరకు పెద్దాయన బల్ల మీద తల వాల్చాడు. కాస్త నడుం వాల్చాడనుకుని, చిన్నాయన పదో మిషను మూత విప్పుతూ పావుగంట తన పని తను చేసుకున్నాడు.

మూడోరోజున, ఇంట్లో జనమంతా సద్దుమణిగాక, వదిన అతన్ని వంటింట్లోకి పిలిచి అడిగింది. "ఆ రోజు నీతో ఏమన్నా అన్నారా? ఒంట్లో బాగోలేదనో, ఎక్కడన్నా నొప్పనో?"

"లేదు వదినా. ఒక్క మాట కూడా అనలేదు. ఒక్కసారిగా వాలిపోయాడు," అన్నాడు చిన్నాయన.

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసి, "అదే నయం," అని గిన్నెలు తోముకోవడానికి తిరిగింది.

అబద్ధం ఆడటం నిమిషం పని. దాన్ని మోయడమే రోజూ ఉండే పని. ఆ డిస్కుకు ఇంకో కాపీ తియ్యడానికి చిన్నాయనకు చెయ్యి రాలేదు. కాపీ అంటే దాచాల్సినది ఇంకొకటి. చెరిపెయ్యడానికీ చెయ్యి రాలేదు, అందులో ఉన్నది అన్న గొంతు. రోజూ వదిన కంటే అరగంట ముందు వచ్చి, ఆ డిస్కును పొట్ట విప్పుకున్నదానికి తగిలించి, పాత ముక్కలు రెండు మూడు వినేవాడు. అన్న ఏదో ఫ్యాను గురించి విసుక్కుంటుంటే అతనికి నవ్వొచ్చేది. వదినకు ఇచ్చేద్దాం, రేపు ఇచ్చేద్దాం అనుకునేవాడు. చివరి ముక్క ఒక్కటీ తీసేసి ఇద్దామని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఆ ఆలోచనకు తనమీద తనకే రోత పుట్టింది. మెట్ల మీద వదిన చెప్పుల చప్పుడు వినగానే డిస్కు ఊడదీసి సొరుగులో పెట్టేవాడు.

సోమవారం మొదటి ఇన్‌స్టాలరు పరీక్ష జరిగింది. వదిన కంప్యూటరు ముందు కూర్చోవడం అదే మొదలు. ఇరవై రెండేళ్ళు కంప్యూటర్లవాడితో కాపురం చేసి, ఒక్కనాడు మౌసు ముట్టుకోని మనిషి. అందుకే ఆమెకంటే మంచి పరీక్షాధికారి దొరకదు. ఆ ఇన్‌స్టాలరు ముందు భాష అడిగింది. తర్వాత కీబోర్డు, టైము అడిగింది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో తెర. డిస్కు దగ్గరికి వచ్చేసరికి మరీ మొరాయించింది. డిస్కు పేరు చెప్పి, అందులో ఇప్పటికే ఏమేం ఉన్నాయో జాబితా వేసి, 'ఇవి ఇక ఉండవు. సమ్మతమేనా?' అని అడిగింది. సమ్మతమే అంటే, ఆ డిస్కు పేరు మళ్ళీ చేత్తో టైపు చేయమంది.

"ఓరి నీ చాదస్తం! పోలీసు స్టేషన్లో కూడా ఇన్ని అడగరేమో," అంది వదిన. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. మొత్తం ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. చిన్నాయన నోరు తెరవలేదు కాబట్టి అది గట్టెక్కింది. అయినా ఇద్దరికీ దానిమీద మనసు కుదరలేదు. దాని పేరు చాదస్తమని స్థిరపడిపోయింది. రెండోదానికి, చూడకముందే, చలాకీ అని పేరు పెట్టేశారు. పది నిమిషాల్లో పని ముగించేస్తుందని దాని గురించి చిన్నాయన విన్నాడు. అదే నెగ్గాలని లోలోపల కోరుకున్నాడు.

మంగళవారం పొద్దున అతను ఎప్పటిలాగే ముందు వచ్చాడు. డిస్కు తగిలించి, చివరి ముక్కే విన్నాడు. ఇంతలో ఎవరో చార్జింగు ఎక్కని లాప్‌టాప్ పట్టుకొచ్చి, తన గోడంతా వెళ్ళబోసుకున్నారు. వాళ్ళతో మాట్లాడుతుండగానే వదిన వచ్చేసింది. సంచీ కుట్టుమిషను మీద పడేసి, చేతులు తుడుచుకుంటూ నేరుగా వెనక గదిలోకి నడిచింది.

"ఏదీ నీ చలాకీ? పదిన్నరకి నా దగ్గరికి కొలతలకి వస్తారు. ఈలోపు తేల్చెయ్."

లాప్‌టాప్ మనిషిని పంపించి చిన్నాయన వెనక కుర్చీలో కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు.

చలాకీ నిజంగానే చలాకీది. పూల రంగుల తెర తెరుచుకుంది. భాష అదే కనిపెట్టుకుంది, టైము అదే సర్దుకుంది. వదిన రెండుసార్లు మౌసు నొక్కిందో లేదో, ఒక తెల్లని పెట్టె ముందుకు వచ్చింది. అందులో ఒక్కటే వాక్యం, ఒక్కటే బటను.

'500 జీబీ డిస్కు. మొత్తం తుడిచి ఎక్కించు.'

చిన్నాయన ఆ అంకెను చూశాడు. పరీక్షకు వాడే డిస్కు 120. అయిదొందలది సొరుగులో ఉండాలి. కళ్ళు దించి చూశాడు. బల్ల మీద, మూత లేని కంప్యూటరు పక్కన, నల్లటి తీగ చివర అది ఉంది. పొద్దున తను పెట్టిన చోటే ఉంది. రెండు డిస్కులు కనిపిస్తే పెద్దదాన్నే పట్టుకునే రకం ఈ ఇన్‌స్టాలరు. అందులో ఏముందో చూపించదు, ఎవరిదని అడగదు. ఊడదియ్యడం మరిచిపోయాడా, మరిచిపోవాలని ఉండి మరిచిపోయాడా అని ఆ తర్వాత ఎన్నిసార్లు తనను తాను నిలదీసుకున్నా అతనికి తేలలేదు.

"మొత్తం తుడిచి ఎక్కించు అంటోంది," అని వదిన తనలో తను అనుకుంటూ చదివింది. "నిన్నటిలాగా సొద లేదు. హాయిగా ఉంది. తుడవనీ, ఉన్నది ఖాళీదేగా."

ఆమె పాదం బల్ల కింద మెల్లగా ఆడుతోంది. కుట్టుమిషను తొక్కే అలవాటు, ఏ పని మీద మనసు పెట్టినా ఆ కాలు అలా ఆడుతూనే ఉంటుంది. తెర మీద బాణం మెల్లగా బటను వైపు జరిగింది.

చిన్నాయన మాట్లాడలేదు. పదహారేళ్ళుగా మాట్లాడలేదు కదా, ఇప్పుడూ మాట్లాడక్కర్లేదు. నోరు తెరవకూడదన్నది అన్న పెట్టిన నియమమే. ఇంకో రెండు సెకన్లు ఊరుకుంటే ఎవరూ ఎవరికీ ఏ ద్రోహమూ చెయ్యకుండానే ఆ నలభై సెకన్లు భూమ్మీద లేకుండా పోతాయి. అలాంటిదొకటి ఉండేదని కూడా ఎవరికీ తెలియదు. తుడిచిన చెయ్యి వదినది. తను నియమం పాటించాడు, అంతే. ఇంత సులువుగా బయటపడే దారి మళ్ళీ జన్మలో దొరకదు. ఆ నలభై సెకన్లతో పాటు మిగతా మూడు వందల పదకొండూ పోతాయి. ఫ్యాను మీద విసుక్కున్నదీ పోతుంది, తుమ్మి క్షమించమన్నదీ పోతుంది. అన్న గొంతు నొక్కడానికి అన్న నియమాన్నే వాడుకుంటున్నానని అతనికి తెలిసింది. ఆ తెలిసిన క్షణంలో కూడా ఇంకొంచెంసేపు ఊరుకున్నాడు. అది నిజం, దాన్ని దాచి చెప్పడం దేనికి?

బాణం బటను మీదికి వచ్చింది.

"వదినా, ఆగు."

ఆమె ఉలిక్కిపడి మౌసు వదిలేసింది.

"అదేమిటయ్యా? నోరు తెరిచావు!" అంది వెనక్కి తిరిగి. "బంగారంలాంటిది, పరీక్ష తప్పించేశావే. పది నిమిషాల్లో అయిపోయేదిగా."

"ముట్టుకోకు. అది ఖాళీది కాదు."

"మరి ఎవరిది?"

చిన్నాయన లేచి ముందు తీగ పీకేశాడు. తెర మీద చలాకీ ఒక క్షణం తికమకపడి, ఏమీ ఎరగనట్టు 120 డిస్కును చూపించింది. దాన్ని ఇద్దరిలో ఎవరూ చూడలేదు. అతను ఆ డిస్కును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చుని చెప్పాలో నిలబడి చెప్పాలో తెలియలేదు.

"అన్నయ్యది. మాటలున్నాయి ఇందులో. ఒక్కో మిషను అవగానే మైకులో చెప్పుకునేవాడు కదా, అవి. మూడు వందల పన్నెండు. దొరికిన దగ్గర్నుంచీ రోజూ నువ్వు రాకముందు వింటున్నాను. చివరిది ఆ రోజుది." ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు ఆ రోజు అడిగితే ఏమీ అనలేదని చెప్పాను. అన్నాడు వదినా. ఛాతీ పట్టేసిందన్నాడు. సాయంత్రం పోదాంలే అన్నది నేనే."

వదిన చెయ్యి చాచింది. డిస్కు కోసం కాదు, పక్కన మేకుకు తగిలించిన హెడ్‌ఫోన్ కోసం. అతను డిస్కును మళ్ళీ తగిలించాడు. చివరి ముక్క ఎక్కడుందో చూపించి, వెనక్కి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక చేతులు కట్టుకున్నాడు.

ఆమె ఒకసారి విన్నది. మళ్ళీ విన్నది. వెనకనుంచి అతనికి ఆమె మెడ మాత్రమే కనిపిస్తోంది, అది కదల్లేదు. ఇంకొకసారి విన్నాక, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి ముందు గదిలోకి వెళ్ళింది. కుట్టుమిషను చప్పుడు మొదలైంది. కొలతలకు వస్తామన్నవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. వాళ్ళతో ఆమె మామూలుగానే మాట్లాడింది. చేతుల పొడవు ఎంత ఉంచాలో రెండుసార్లు అడిగింది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మిషను చప్పుడు. చిన్నాయన కుర్చీలోంచి లేవలేదు. ఇంతకంటే ఆమె అరిచినా బాగుండుననిపించింది అతనికి.

పన్నెండు దాటాక ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అయిదు నెలలు. రోజూ ఇక్కడే, నా గోడకి అవతల కూర్చుని విన్నావు."

"విన్నాను."

"నాకు వినాలని ఉండదనుకున్నావా? ఆయన గొంతు మరిచిపోతున్నానేమోనని ఇంటికెళ్ళి నేనెంత ఏడ్చానో తెలుసా నీకు?" ఆమె గొంతు పైకి లేచింది. "నోరు మూసుకోవడం బాగా నేర్పారు నీకు మీ అన్న. మూసుకోవాల్సిన చోటేదో, తెరవాల్సిన చోటేదో నేర్పలేదు."

చిన్నాయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. క్షమించమని అడగడానికి మాట కూడబలుక్కుంటున్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడేం మాట్లాడకు. ఆ పదోది ఎత్తి బల్ల మీద పెట్టు."

గోడ వార దుప్పటి తొలగించి పదో కంప్యూటరును తెచ్చి పెట్టాడు. ఆ రోజు పావుగంట మూత విప్పుతూ కూర్చున్నది దీనిదే. మూత మరలు రెండు ఇంకా మాత్రల డబ్బాలో మంగళవారం గదిలోనే ఉన్నాయి. అవి బిగించి, తీగలు తగిలించి, పెన్‌డ్రైవ్ గుచ్చాడు. వదిన ముందు కూర్చుంది.

"చలాకీని తీసెయ్. నువ్వు నోరు తెరిచావు, అది తప్పింది. ఆయన లేరని పద్ధతి మారదు." చాదస్తాన్ని తెరిచింది. "ఇది అడుగుతుంది. అడగనీ. అడగనివాళ్ళతోనే వచ్చింది చిక్కంతా."

చిన్నాయన తన కుర్చీలోకి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు. చాదస్తం తన తీరున భాష అడిగింది, కీబోర్డు అడిగింది. డిస్కు దగ్గర ఆగి, అందులో ఉన్నవాటి జాబితా వేసింది. పాత ఆఫీసువాళ్ళ ఉత్తరాలు, సెలవు చీటీలు, ఎవరి బల్ల ఎక్కడో గీసిన ఒక పటం. వదిన ఒక్కోదాని మీదా వేలు పెట్టి అన్నీ పైకి చదివింది. మనుషుల మాటలు, ఫొటోలు ఏమీ లేవని చూసుకుంది. 'ఇవి ఇక ఉండవు. సమ్మతమేనా?' అని అడిగిన చోట ఒక నిమిషం ఊరికే కూర్చుంది. తర్వాత సమ్మతమేనని నొక్కి, డిస్కు పేరును అక్షరం అక్షరం వెతుక్కుని కొట్టింది. కాలు ఆడటం లేదు. ముప్పై రెండు నిమిషాలకు పని ముగిసినట్టు తెర చెప్పింది.

"ఆ మైకు ఎక్కడుంది?" అని అడిగింది వెనక్కి తిరక్కుండానే.

అతను లేచి, పొట్ట విప్పుకున్నదానికి మైకు తగిలించి, రికార్డు బటను చూపించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆమె పెద్దాయనలాగే మైకును ముందుకు లాక్కుంది. గొంతు సవరించుకుంది.

"గ్రంథాలయం మిషన్లు. పదోది." ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "చాదస్తంతో ఎక్కించాను. ముప్పై రెండు నిమిషాలు పట్టింది. మరిది నోరు తెరవలేదు."

వీధిలో ఏదో బండి వెళ్ళింది. ఆ చప్పుడు పోయేదాకా ఆమె ఆగింది.

"ఆ రోజు ఛాతీ పట్టేసిందని పొద్దున ముందు నాతోనే అన్నారు. గ్యాసయి ఉంటుంది, వేడినీళ్ళు తాగి వెళ్ళండి అన్నాను. తాగి వెళ్ళారు. తర్వాత మరిదిని అడిగాను, నీతో ఏమన్నా అన్నారా అని. లేదన్నాడు. షాపులో ఏమీ అనలేదంటే పొద్దున్నది నిజంగా గ్యాసే, అది తగ్గిపోయింది, ఆయన పోయింది వేరేదానివల్ల అనుకున్నాను. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ నిద్రపోయాను."

చిన్నాయన చేతులు కట్టుకునే ఉన్నాడు. ఒక్క మాట అనాలని ప్రాణం కొట్టుకుపోతోంది, కానీ రికార్డు నడుస్తోంది.

"పదోది అయింది," అని వదిన బటను నొక్కి ఆపింది.

అతను చేతులు విప్పి లేచి, పదకొండో మిషనును బల్ల మీదికి ఎత్తాడు.